బెంగళూరులో మన తెలుగు సంఘం సంస్కరణ పనికి దిగాలంటే: మొదటి పలకరింపు నుంచి మొదటి అర్జీ దాకా

ఉదయం ఆరున్నరకి మా చర్చి ఎదురుగా చెట్టు కింద హాజరు వేస్తారు. చీపుళ్లు గోడకి ఆనించి ఆడవాళ్లు వరసగా నిలబడతారు, మేస్త్రీ పేర్లు పిలుస్తాడు. వీధులు ఊడ్చే వీళ్లని బెంగళూరులో పౌరకార్మికులంటారు. పిలుపు కన్నడంలో ఉంటుంది కానీ వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేది తెలుగే. చిత్తూరు, అనంతపురం వైపు నుంచి తాతల నాడు పని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాలు. పదేళ్లపాటు ఆ చెట్టు పక్క నుంచే ఆరాధనకు వెళ్లాను, ఒక్కరి పేరు కూడా తెలుసుకోలేదు.

ఒక క్రిస్మస్‌కి మా సంఘం వాళ్లకి చీరలు, బిర్యానీ పొట్లాలు, చేతి గ్లౌజులు పంచింది. ఒక పెద్దమ్మ గ్లౌజులు తీసుకుని, తిప్పి చూసి, నాతో అంది: "బాగుండాయి నాయనా. కానీ మేం పొద్దున లేచిన కాడి నుంచి మధ్యాన్నం దాకా నీళ్లు తాగం. తాగితే ఒంటికి పోవల్ల కదా, యాడికి పోతాం? మీ గుడికేమో తాళం."

ఆ మాట విన్నప్పటి నుంచి మా కమిటీ నేర్చుకున్నది, చేసిన తప్పులతో సహా, ఇక్కడ వరసగా రాస్తున్నాను. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయినా, బాప్టిస్టు, లూథరన్, మెథడిస్టు, పెంతెకొస్తు అయినా, ఏ ప్రొటెస్టెంట్ సంఘమైనా ఈ దారిలో నడవవచ్చు. మేము పట్టుకున్నది పౌరకార్మికుల సమస్య. మీ పేటలో అది అపార్ట్‌మెంట్లలో పనిచేసే ఆడవాళ్ల జీతాలు కావచ్చు, కర్నూలు, మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన కట్టడం పనివాళ్ల పిల్లల బడి కావచ్చు, తాగుడు కావచ్చు. సమస్య మారినా పని నడిపే పద్ధతి పెద్దగా మారదు.

పనికి ముందు ఒక తేడా తెలుసుకోవాలి

ఆకలిగా ఉన్న మనిషికి అన్నం పెట్టడం ధర్మం. అతని కూలి ఎక్కడ ఆగిందో కనుక్కుని, అది ప్రతి నెలా ఆగకుండా వచ్చేలా చేయడం సంస్కరణ. మన సంఘాలకి మొదటిది బాగా వచ్చు. కోత పండుగ, క్రిస్మస్, వరదలు వచ్చినప్పుడు మనవాళ్ల చేయి ధారాళంగా ఆడుతుంది. రెండోది మాత్రం ఏదో రాజకీయాల పని అన్నట్టు చూస్తాం.

అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం ఒకసారి తెరవండి. యెరూషలేము సంఘంలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ పంపకంలో అన్యాయం జరుగుతోందని సణుగు పుట్టింది. అపొస్తలులు ఆ విధవరాండ్రకు ఒక రోజు విందు పెట్టి ఊరుకోలేదు, పంపకం చేసే పద్ధతినే మార్చారు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఆ పేర్లు చదవండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. నాకు అర్థమైనంత వరకు, ఎవరికి అన్యాయం జరిగిందో ఆ పక్షం చేతికే గరిటె ఇచ్చారు. ఈ పనంతటికీ మూలసూత్రం ఇదేనని నా నమ్మకం. బాధపడేవాళ్లు కమిటీలో లేకపోతే అది సంస్కరణ కమిటీ కాదు.

మొదటి అడుగు: ఇంట గెలవండి

మేస్త్రీని, కాంట్రాక్టర్ని, ఆఫీసర్ని అడగబోయే ముందు కమిటీ సభ్యులంతా కూర్చుని మన ఆవరణ గురించి కొన్ని ప్రశ్నలకి జవాబు రాయండి. చర్చి ఊడ్చే మనిషికి నెలకి ఎంత ఇస్తున్నాం? అది ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనానికి సరిపోతోందా? వారానికి ఒక రోజు సెలవు ఉందా? ఒంట్లో బాగాలేకపోతే జీతం కోస్తున్నామా?

మా దగ్గర జవాబులు తలదించుకునేలా ఉన్నాయి. ఊడ్చే అక్కకి ఆదివారమే ఎక్కువ పని, ఆ రోజు ఆరాధనలో కూర్చునే తీరికే లేదు. ముందు అది సరిదిద్దాం. జీతం పెంచి, పని గంటలు కాగితం మీద పెట్టి, ఆమె బ్యాంకు ఖాతా ద్వారా ప్రధానమంత్రి సురక్షా బీమా, జీవన్ జ్యోతి బీమా రెండూ కట్టించాం. మొదటిది ప్రమాద బీమా, ఏడాదికి 20 రూపాయలు; రెండోది జీవిత బీమా, 436 రూపాయలు. ఒక్కొక్కదానికి 2 లక్షల రక్షణ ఉంటుంది.

తర్వాతది సెప్టిక్ ట్యాంకు. మన చర్చిది, పాస్టర్ గారి ఇంటిది (పార్సనేజీ), మనం నడిపే బడిది ఎవరు శుభ్రం చేస్తున్నారో కనుక్కోండి. హనీ సక్కర్ బండి పైపు వేసి లాగిందా, లేక మనిషి దిగాడా? మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులో, మురుగు కాలువలో ప్రమాదకరమైన శుభ్రతకి దించడం నేరం. మొదటి తప్పుకే 2 ఏళ్ల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా పడవచ్చు. మా ప్రాపర్టీ రికార్డుల్లో ఇప్పుడు ఒక వాక్యం ఉంది: మన ఆవరణలో ఏ ట్యాంకులోనూ మనిషి దిగడు.

మూడోది అన్నిటికంటే కష్టం. మన తెలుగు సంఘాల్లో మాల, మాదిగ అని వేరువేరు బల్లలు, వేరువేరు పెళ్లి సంబంధాలు, వేరువేరు సంఘాలు కూడా ఇంకా ఉన్నాయి. కోస్తా నుంచి వచ్చి ఐటీలో స్థిరపడిన కుటుంబం ముందు వరసలో, పౌరకార్మికురాలు తలుపు దగ్గర. ఇది మాట్లాడకుండా కులాన్ని గురించి బయటివాళ్లకి చెప్పబోతే ఎవరూ వినరు. మేము ఒక చిన్న పని చేశాం. వాక్య పఠనం, కానుకలు పట్టడం, ప్రభు బల్ల సిద్ధం చేయడం, ఈ మూడింటికీ పేర్ల పట్టిక వేసి అందరినీ వరసగా పిలిచాం. ఇద్దరు ముగ్గురు నొచ్చుకున్నారు. పట్టిక మాత్రం ఆపలేదు.

రెండో అడుగు: వినండి, తర్వాత లెక్క రాయండి

ఎక్కువ సంఘాలు తొందరపడి దాటేసేది ఈ అడుగే. మేమూ అదే చేశాం, గ్లౌజుల విషయంలో.

ముందు వేళ చూసుకోండి. ఆదివారం పొద్దున తొమ్మిదింటి ఆరాధనకి పనిలో ఉన్న మనిషికి రావడం కుదరదు. పని అయ్యి ఇంటికి వెళ్లి, స్నానం చేసి, నీళ్లు పట్టుకుని, వంట చేసుకున్న తర్వాత అయితే కూర్చుంటారు. మా పేటలో అది సాయంత్రం నాలుగు. చర్చికి రమ్మని పిలవద్దు, వాళ్ల వీధికే వెళ్లండి. ఇద్దరేసి వెళ్లండి, అందులో ఒకరు ఆడమనిషి అయి ఉండాలి. మొదటి రెండు మూడు సార్లు కాగితం, పెన్ను బయటికి తీయవద్దు. ఫొటోలు అసలే వద్దు. టీ ఇస్తే తాగండి. కొందరికి ఈ మాట చిన్నదిగా తోస్తుంది కానీ, వాళ్ల ఇంట గ్లాసు పట్టుకుని కూర్చున్న రోజే మాతో మాట్లాడటం మొదలైంది.

నమ్మకం కుదిరాక లెక్కలోకి దిగండి. ప్రతి ఇంటికీ ఒక పేజీ. పని ఎన్నేళ్లుగా? పర్మనెంటా, నేరుగా జీతం తీసుకుంటున్నారా, కాంట్రాక్టర్ కిందా? పోయిన నెల జీతం ఏ తారీఖున పడింది? ఎంత కోశారు, ఎందుకని చెప్పారు? పీఎఫ్, ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) నంబర్లు ఉన్నాయా? నీళ్లు, మరుగుదొడ్డి ఎక్కడ? అప్పు ఎవరి దగ్గర, వడ్డీ ఎంత?

చివరి ప్రశ్న దగ్గర గొంతులు తగ్గుతాయి. రెండు నెలలు జీతం ఆగితే బెంగళూరులో మీటర్ వడ్డీ, అంటే మీటరులా పరుగెత్తే అధిక వడ్డీ, తప్ప దారి ఉండదు. ఒక ఇంట్లో పాస్‌బుక్ చూపించమంటే ఆమె తన బిడ్డ ముఖం వైపు చూసింది. ఏటీఎం కార్డు వడ్డీవాడి దగ్గరే ఉంది, జీతం పడగానే తీసుకునేది అతనే. నెహెమ్యా గ్రంథం ఐదో అధ్యాయంలో పొలాలు, ఇళ్లు కుదువ పెట్టి ఏడ్చినవాళ్ల మొర గురించి మేము చాలాసార్లు చదివాం. ఆ మొర మా వీధి చివరే వినిపిస్తోందని ఆ సాయంత్రం తెలిసింది.

పీఎఫ్ విషయంలో మన యూత్ వెంటనే చేయగల సాయం ఒకటుంది. కార్మికుడి పీఎఫ్ గుర్తింపు నంబరు, అంటే యూఏఎన్, యాక్టివేట్ అయి, ఫోన్ నంబరు దానికి జతపడి ఉంటే, ఆ ఫోన్ నుంచి 7738299899కి ఒక మెసేజ్ పెట్టాలి. ఇంగ్లిష్ అక్షరాల్లో ఇ, పి, ఎఫ్, ఓ, హెచ్, ఓ అని ఒక మాట, ఖాళీ వదిలి యూఏఎన్ అని ఇంకో మాట, మళ్లీ ఖాళీ వదిలి టి, ఇ, ఎల్. జవాబు తెలుగులో వస్తుంది, ఆఖరుసారి ఎంత జమ అయిందో ఉంటుంది. జీతంలోంచి నెలనెలా 12 శాతం కోసుకున్నారు కదా, అంతే మొత్తం యజమాని కూడా వేయాలి. ఈఎస్ఐకైతే కార్మికుడి వాటా 0.75 శాతం, యజమానిది 3.25 శాతం. కోశారు కానీ జమ కాలేదంటే అది ఫిర్యాదు చేయదగ్గ విషయం, దానికి ఆధారం ఆ మెసేజే.

ఈ లెక్క ఎందుకంత ముఖ్యమో మన ప్రాంత చరిత్రే చెబుతుంది. 1890ల మొదట్లో చెంగల్పట్టు జిల్లాలో విలియం గౌడీ, ఆడమ్ ఆండ్రూ వంటి ప్రొటెస్టెంట్ మిషనరీలు దళితులకు సెంటు భూమి కూడా దక్కనివ్వని పద్ధతులను దగ్గరగా చూసి, రాసి, గొంతెత్తారు. ఆ జిల్లా కలెక్టర్ ట్రెమెన్‌హీర్ 1891లో నివేదిక ఇచ్చాడు. 1892లో మద్రాసు ప్రభుత్వం దళితులకు భూములు కేటాయించే ఉత్తర్వు తెచ్చింది. తమిళనాట పంచమి భూములంటున్నవి అవే. జాలి కలిగిన మిషనరీలు అంతకు ముందూ ఉన్నారు. వివరాలు కాగితం మీదికి ఎక్కాకే ప్రభుత్వం కదిలింది.

మూడో అడుగు: సంఘం చేత తీర్మానం చేయించండి

నలుగురు మంచివాళ్లు సొంతంగా చేస్తే అది వాళ్ల పని, తీర్మానం ఉంటే సంఘం పని. పాస్టర్ గారు ట్రాన్స్‌ఫర్ అయినా ఆగదు.

తీర్మానం ఎక్కడ పెట్టాలన్నది మీ శాఖని బట్టి ఉంటుంది. సీఎస్ఐలో పాస్టరేట్ కమిటీ మినిట్స్‌లో రాయించి, పై స్థాయికి తెలియజేయాలి. బాప్టిస్టులకి సంఘ సభ్యుల ఓటే తుది మాట కాబట్టి జనరల్ బాడీలో పెట్టండి. స్వతంత్ర పెంతెకొస్తు సంఘాల్లో పాస్టర్ గారి మాటే నిర్ణయం అవుతుంది, అక్కడ ఆయన్ని ఒప్పించడమే సగం పని. ఒప్పించడానికి నాకు తెలిసిన ఒకే మార్గం, అయ్యగారిని ఉదయం ఆరున్నరకి హాజరు వేసే చోటికి తీసుకెళ్లడం. వాదన అక్కర్లేదు.

స్త్రీల సమాజాన్ని ముందే కలుపుకోండి. మా కమిటీలో మగవాళ్లం ఆరు వారాలు చర్చించిన మరుగుదొడ్డి సంగతి స్త్రీల సమాజం అక్కలు ఒక్క మీటింగులో తేల్చేశారు. చర్చి బయటి టాయిలెట్, కుళాయి, ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం మూడు దాకా తెరిచి ఉంచాలి, గేటు తాళం వాచ్‌మన్ తీయాలి, శుభ్రతకి అయ్యే ఖర్చు సంఘమే పెట్టుకోవాలి. ప్రొటెస్టెంట్లం విశ్వాసులందరూ యాజకులే అని బోధిస్తాం. ఆ మాటని నేను అంత స్పష్టంగా చూసింది ఆ రోజే.

నాలుగో అడుగు: పన్నెండు మందికి ఒకరు

1742లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో, మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ సంఘానికి మందిరం అప్పు ఉంది. తీర్చడానికి సభ్యులను పన్నెండేసి మందిగా విడదీసి, ప్రతి గుంపుకి ఒక నాయకుణ్ని పెట్టి, మనిషికి వారానికి ఒక పెన్నీ వసూలు చేయమన్నారు. పెన్నీ కోసం ఇంటింటికీ వెళ్లిన నాయకులకి ఆ ఇళ్ల కష్టాలన్నీ తెలిశాయి. మెథడిస్టు క్లాస్ మీటింగులు అలా పుట్టాయి. అప్పు తీరాక కూడా అవి ఆగలేదు.

మీరూ అలాగే చేయండి. పది పన్నెండు ఇళ్లకి ఒక అక్క. ఆమె ఆ వీధి మనిషే కావాలి, అంటే పౌరకార్మికురాలే. వాట్సాప్ గ్రూపు దీనికి బదులు కాదు. చాలా ఇళ్లలో ఫోన్ కొడుకు చేతిలో ఉంటుంది. నెలకోసారి ఈ అక్కలంతా చర్చి హాల్లో కలవాలి. మాట్లాడేది తెలుగులో, రాసేది తెలుగులో, ఆఫీసుకి వెళ్లే కాగితం మాత్రం కన్నడంలో. దానికి బయటి మనిషి అక్కర్లేదు. వాళ్ల పిల్లలు చదువుకున్నది కన్నడ బడిలోనే, అర్జీ రాయడం వాళ్లకి నేర్పితే చాలు.

ఐదో అడుగు: డబ్బు

కొద్ది డబ్బుతోనే నడిచే పని ఇది. వంటకి ముందు పిడికెడు బియ్యం చర్చికి తీసిపెట్టే అలవాటు ఉన్న సంఘమైతే ఆ బియ్యం అమ్మిన డబ్బులో కొంత కేటాయించండి, లేదా నెలకి ఒక ప్రత్యేక కానుక పట్టండి. ఖాతాకి ఇద్దరి సంతకం పెట్టించండి, నెలాఖరున లెక్క నోటీసు బోర్డు మీద అతికించండి. ఆటో ఖర్చు 60 రూపాయలైనా రాయాల్సిందే.

ఒక్క జాగ్రత్త. మన పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నారు, పంపుతామంటారు. భారత పాస్‌పోర్టు ఉన్న బిడ్డ బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న బిడ్డ పంపితే వస్తుంది. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ లేకుండా అలాంటి విరాళం ఒక్క డాలర్ కూడా తీసుకోకూడదు. మొహమాటానికి పోయి ఇక్కడ చిక్కుకోవద్దు.

విడిగా సొసైటీ పెట్టాలంటే కర్ణాటక సొసైటీల చట్టం, 1960 కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. మొదటి ఏడాది దాని జోలికి పోవద్దనే నా సలహా. రిజిస్ట్రేషన్, ఆడిట్, లెటర్‌హెడ్ చుట్టూ తిరిగేసరికి అసలు పని చల్లారిపోతుంది.

ఆరో అడుగు: సాయానికీ బాప్తిస్మానికీ మధ్య గీత గీయండి

ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. తెరిచిన టాయిలెట్, రాసిపెట్టిన అర్జీ, చూపించిన పీఎఫ్ లెక్క, వీటిలో ఏదీ ఎవరి మతం చూసి ఇచ్చేది కాదు, ఎవరి మతం మార్చడానికి చేసేది కాదు. అర్జీ సమావేశంలో కరపత్రాలు పంచకూడదు. ప్రార్థన చేయాలనిపిస్తే కమిటీ ముందే చేసుకుని రావాలి. పౌరకార్మికుల్లో అమ్మవారికి మొక్కేవాళ్లున్నారు, చర్చికి వచ్చేవాళ్లున్నారు, రెండూ చేసేవాళ్లూ ఉన్నారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడిగా నమోదైన దళితుడికి ఎస్సీ హోదా దక్కదు. ఇప్పటికీ ఎన్నో కుటుంబాల బతుకు ఆ ఒక్క సర్టిఫికెట్ మీద ఉంది. వాళ్ల పేర్ల పక్కన మతం రాయకండి, అడగకండి.

ఇది భయంతో చెప్పే మాట కాదు, మన పెద్దల నుంచి వచ్చిందే. 1876 నుంచి 1878 దాకా తెలుగు నేలని పీడించిన కరవులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్లు తవ్వే కాంట్రాక్టు తీసుకున్నాడు. ఊరికే గంజి పోయకుండా, ఎక్కువగా మాదిగలైన వేలాది జనానికి కూలి ఇప్పించాడు. వాళ్లలో బాప్తిస్మం అడిగినవాళ్లు ఎందరో. కూడు కోసం వచ్చారన్న మాట రాకూడదని, కరవు సాయం నడిచినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం పనులు ముగిశాకే మళ్లీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యని మన ప్రసంగాల్లో తరచూ వింటాం. దానికి ముందు ఆయన పట్టిన ఓపిక గురించి కూడా చెప్పాలి.

ఏడో అడుగు: ఒక్క కోరిక, ఒక్క అర్జీ

లెక్క పూర్తయ్యాక కష్టాల జాబితా చేంతాడంత ఉంటుంది. అన్నీ ఒకే కాగితంలో పెడితే ఏదీ జరగదు. 1787లో లండన్‌లో పన్నెండు మంది, అందులో తొమ్మిది మంది క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు, బానిసత్వం మీద పోరాడటానికి కమిటీ కట్టినప్పుడు బానిసత్వం మొత్తాన్నీ ఒకేసారి పట్టుకోలేదు, బానిసల వ్యాపారాన్ని మాత్రమే పట్టుకున్నారు. 1792లో ఊరూరి నుంచి పార్లమెంటుకి 519 అర్జీలు వెళ్లాయి. వ్యాపారం 1807లో ఆగింది, బానిసత్వం రద్దు చట్టం 1833లో వచ్చింది. ముందు ఒక ముడి విప్పారు, అది పెద్ద ముడికి దారి చూపింది.

మా మొదటి కోరిక, హాజరు వేసే చోట మరుగుదొడ్డి, మంచినీళ్లు, బట్టలు మార్చుకునే గది. అక్కలే ఎంచుకున్నారు. జీతం ముందుగా పెడదామని మాలో కొందరం అనుకున్నాం కానీ వాళ్లు ఒప్పుకోలేదు. మరుగుదొడ్డి అడిగితే ఎవరి ఉద్యోగమూ పోదు, ముందు ఇది అడిగి చూద్దాం అన్నారు. ఆ తెలివి మాకు రాలేదు.

అర్జీ ఎవరికివ్వాలో సరిచూసుకోండి. 2025 సెప్టెంబరులో పాత నగర కార్పొరేషన్ బీబీఎంపీ స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. మీ వార్డు ఇప్పుడు ఏ కార్పొరేషన్‌లో ఉందో చూసి ఆ ఆఫీసుకే వెళ్లండి. అర్జీ ఒక పేజీ దాటకూడదు. ఏం కావాలో, ఎక్కడ కావాలో, ఎప్పటిలోగా కావాలో ఉంటే చాలు. రెండు కాపీలు తీసుకెళ్లి, మన కాపీ మీద ముద్ర, తారీఖు, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. "చూస్తాంలే అమ్మా" అని ఎంత మర్యాదగా చెప్పినా ముద్ర పడకుండా లేవద్దు. నోటి మాట నీటి మూట. ముందు కుర్చీలో పాస్టర్ గారు, కమిటీ కార్యదర్శి కాకుండా అక్కలే కూర్చోవాలి. మొదటిసారి మేము తప్పు చేశాం, అయ్యగారే మాట్లాడారు. ఆఫీసర్ ఆయనకి టీ తెప్పించాడు, అక్కలు గోడవారగా నిలబడ్డారు. రెండోసారి అయ్యగారు కావాలనే బయట బెంచీ మీద కూర్చున్నారు.

నెల గడిచినా కదలిక లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. కర్ణాటకలో ఒక దరఖాస్తులో ఒకే విషయం, 150 మాటల లోపు ఉండాలి. ఫీజు 10 రూపాయలు, బీపీఎల్ కార్డు ఉన్నవాళ్లకి అదీ లేదు. కాబట్టి అక్కల పేరుతోనే వేయవచ్చు. "మా అర్జీ ఎందుకు పట్టించుకోలేదు" అని అడగవద్దు, దానికి ఏ జవాబైనా రాస్తారు. ఫలానా వార్డులో హాజరు కేంద్రాలు ఎన్ని, వాటిలో మరుగుదొడ్డి ఉన్నవి ఎన్ని, గత రెండేళ్లలో దీనికి కేటాయించిన డబ్బు ఎంత, ఖర్చు ఎంత అని అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మొదటి అప్పీలు.

మనుషుల చేత మలం ఎత్తించే పని మీద పోరాడుతున్న బెజవాడ విల్సన్ గారిని తలచుకుంటే ఈ కాగితాల పని మీద విసుగు రాదు. మనకి దగ్గరలోని కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో, పారిశుధ్య పని చేసే తెలుగు దళిత కుటుంబంలో 1966లో పుట్టారు. ఆయన కూడా మొదలుపెట్టింది ఉత్తరాలతోనే. ఆయన సంస్థ సఫాయీ కర్మచారీ ఆందోళన్ ఆ పనిని ఆపించమని 2003లో సుప్రీంకోర్టుకి వెళ్లింది, తీర్పు 2014 మార్చి 27న వచ్చింది. పదకొండేళ్లు! 1993 నుంచి మురుగు కాలువల్లో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని ఆ తీర్పు చెప్పింది. 2023 అక్టోబరులో కోర్టు దాన్ని 30 లక్షలకి పెంచింది. మీ పేటలో అలాంటి చావు జరిగి ఉంటే, ఎన్నేళ్ల కిందటిదైనా సరే, మిగతా పనులు పక్కన పెట్టి ఆ కుటుంబం దగ్గరికి వెళ్లండి. ఆడవాళ్లకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, నంబరు 15100.

ఎనిమిదో అడుగు: దెబ్బ తగిలినప్పుడు

తగులుతుంది. మా దగ్గర అర్జీ మీద మొదటి సంతకం పెట్టిన అక్కని దూరపు వీధికి మార్చారు. అప్పటి నుంచి సంతకాలు వరసగా పెట్టించడం మానేసి గుండ్రంగా పెట్టిస్తున్నాం, మొదటిది ఎవరిదో తెలియదు. ఎవరి పనైనా పోతే కనీసం ఒక నెల బియ్యం, ఇంటి అద్దె సంఘం చూసుకుంటుందని ముందే తీర్మానంలో రాసుకోండి. 1955 డిసెంబరులో అమెరికాలోని మాంట్‌గమరీలో నల్లజాతి వాళ్లు బస్సుల్లో జరిగే వివక్షకి నిరసనగా వాటిని ఎక్కడం మానేసినప్పుడు 381 రోజులు నిలబడగలిగింది పాటలతో, ప్రసంగాలతో మాత్రమే కాదు. జనాన్ని రోజూ పనికి చేర్చడానికి చర్చిల పేరు మీద బళ్లు కొని తిప్పారు. ధైర్యం చెప్పేవాళ్లు బండి కూడా సిద్ధం చేయాలి.

కార్మిక యూనియన్లతో పోటీ పడకండి. తెలుగులో చర్చినీ సంఘమే అంటాం, యూనియన్‌నీ సంఘమే అంటాం, నాకైతే అది ఊరికే జరిగిందనిపించదు. 2022 జూలైలో ఫ్రీడమ్ పార్కులో పనులు ఆపి కూర్చుంది పౌరకార్మికులే, వాళ్ల యూనియన్లే. 2025 మే 1న 12,692 మంది చేతికి పర్మనెంట్ నియామక పత్రాలు వచ్చాయంటే ఆ పోరాటాల వల్లే. చర్చి చేయగలిగింది, చేయవలసింది, ధర్నా రోజు మజ్జిగ, నీడకి షామియానా, పిల్లల్ని చూసుకోవడం, అడిగితే పక్కన కూర్చోవడం. బెంగళూరులో ధర్నా, నిరసన ఫ్రీడమ్ పార్కులోనే, అదీ పోలీసుల అనుమతితోనే. చర్చి నుంచి ఊరేగింపుగా వెళ్దామని యూత్ ఉత్సాహపడితే ఈ సంగతి ముందే చెప్పండి.

తొమ్మిదో అడుగు: పక్కకి జరగండి

ఏడాదికోసారి, కోత పండుగకి ముందు, ఒక ప్రశ్న మినిట్స్‌లో రాసుకోండి: ఈ సమావేశాలు మనం పిలవకపోయినా జరుగుతాయా? జవాబు అవును అని వచ్చిన రోజు కన్వీనర్ పదవి వాళ్లకి అప్పగించి, మనం హాలు, కుర్చీలు, ఫ్యాను వరకు చూసుకోవాలి.

మా హాజరు కేంద్రంలో మరుగుదొడ్డి కట్టారు, నీళ్ల ట్యాంకు ఇంకా రాలేదు, దానికి రెండో అర్జీ నడుస్తోంది. ఆ అర్జీ మేము రాయలేదు, గ్లౌజులు తిప్పి చూసిన పెద్దమ్మ మనవరాలు రాసింది. చర్చి గేటు తాళంచెవి రెండోది ఇప్పుడు పెద్దమ్మ కొంగు ముడిలో ఉంటుంది. నెలనెలా సమావేశం అయ్యాక కరెంటు ఖర్చు కింద వంద రూపాయలు మా ట్రెజరర్ చేతిలో పెట్టి, రసీదు రాసిచ్చేదాకా అక్కడే నిలబడుతుంది.